అక్క పెట్టిన జతలు: చెన్నైలో ఒక బీరువా, తొమ్మిది వారాల పని

పోయిన అక్క బీరువాలోని బట్టలను చెల్లెలి కోసం సిద్ధం చేసిన ఈ కేసులో మొదటి రెండు గంటల్లోనే ఒక తప్పు జరిగిపోయింది. చేసింది స్టైలింగ్, కుట్టుపని చూసే మేమే. తర్వాతి తొమ్మిది వారాల్లో మూడు వారాలు దాన్ని దిద్దుకోవడానికే సరిపోయాయి. పోయినవాళ్ల బట్టలు చేతికి తీసుకునే స్టైలిస్టులకూ, బొటిక్ వాళ్లకూ, పాత పట్టు బాగుచేసేవాళ్లకూ పనికొస్తుందని పూసగుచ్చినట్టు రాస్తున్నాం. పేర్లు, పేట, ఉద్యోగాలు, తేదీలు తీసేశాం.

నేపథ్యం

తరాలుగా చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే తమిళం. ఇద్దరు ఆడపిల్లలు, మధ్య ఐదేళ్ల తేడా. పెద్దమ్మాయి జబ్బుచేసి పోయి పద్నాలుగు నెలలు, సంవత్సరీకం పెట్టి రెండు నెలలు. మా దగ్గరికి వచ్చింది చిన్నమ్మాయి.

ఇద్దరిలో ఎవరి ఉద్యోగానికీ బట్టలతో సంబంధం లేదు. కానీ పన్నెండేళ్లుగా ఇద్దరూ ఆడుతున్న ఆట ఒకటుంది. ఫంక్షన్‌కి ముందు రాత్రి ఒకరు తమ జతను పరుపు మీద పరుస్తారు: చీర, దాని మీద జాకెట్టు, చెవులకేమిటి, చేతికేమిటి, కాళ్లకేమిటి. ఫొటో తీసి రెండోవాళ్లకు పంపుతారు. రెండోవాళ్లకు ఒకే ఒక్క వస్తువు మార్చే హక్కు ఉంటుంది. రెండు మార్చకూడదు, ఏమీ మార్చకుండా వదిలేయనూ కూడదు. మార్చింది నచ్చినా నచ్చకపోయినా మొదటివాళ్లు అలాగే తయారై వెళ్లాలి. ఈ నియమం మాకు మొదటి రోజే చెప్పింది. ముచ్చటగా ఉందని విని పక్కన పెట్టేశాం. కేసంతా దాని మీదే తిరుగుతుందని ఐదో వారం దాకా తెలియలేదు.

అక్క బీరువాలో 41 చీరలు, జాకెట్లు, చొక్కాలు, కుర్తాలు అన్నీ కలిపి 63, దుపట్టాలు 27, రెండు డబ్బాల నగలు. నగలు వెండి, ఇత్తడి, టెర్రకోట. బంగారం అమ్మ దగ్గర విడిగా ఉంది, దాని జోలికి మేము పోలేదు.

ఏం కావాలని వచ్చింది

మేనమామ కూతురి పెళ్లి తొమ్మిది వారాల్లో ఉంది. "ఆ పెళ్లిలో అక్క ఉన్నట్టు ఉండాలి మేడం. కానీ నన్ను చూసి ఎవరూ ఏడవకూడదు." ఈ రెండూ కలిపి అడిగింది. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. చెన్నైలో కుట్టు దుకాణాల్లో వయసుతో పనిలేకుండా ఆడవాళ్లను అక్కా అనే పిలుస్తారు. ఈ అమ్మాయి తొమ్మిది వారాల్లో ఒక్కసారి కూడా ఆ పిలుపు వాడలేదు. మా కుట్టు మనిషిని కూడా మేడం అనే పిలిచింది. అది గమనించి మా వాళ్లూ ఆమె ముందు ఒకరినొకరు పేర్లతో పిలుచుకున్నారు.

రెండో వారంలో అమ్మ వచ్చారు. ఆవిడ మాట వేరు: "పోయిన పిల్ల ఒంటి బట్ట బతికున్న పిల్ల ఒంటికి తగలకూడదమ్మా. ఎవరికైనా ఇచ్చేద్దామంటే ఇది వినదు." ఇలాంటి మాటను పాతకాలపు నమ్మకమని కొట్టిపారేసే స్టైలిస్టులున్నారు. మేము దాన్ని నడుము కొలతలాగే రాసుకున్నాం. కస్టమర్ కట్టుకుని నిలబడాల్సింది ఆ ఇంటివాళ్ల మధ్యే కదా, ఆ ఇంటివాళ్ల అభ్యంతరం కూడా కొలతే.

మా దగ్గరికి రాకముందే ఒక అనర్థం జరిగింది. అమ్మమ్మ నాటి కంచిపట్టు, లక్కరంగు ఒళ్లు, మీగడరంగు కొర్వై అంచు (వేరే రంగు అంచును నేతలోనే ఒంటికి కలిపినది), అసలు వెండి జరీ. అక్కకు ప్రాణమైన చీర. బాగుచేయిద్దామని చెల్లెలే ఒక దుకాణంలో రోల్ పాలిష్‌కి ఇచ్చింది. మెరుస్తూ తిరిగొచ్చింది, మడతల వెంట ఏడు చోట్ల విచ్చుకుని. అన్నిటికన్నా పొడవైన చీలిక 11 సెంటీమీటర్లు. రోల్ పాలిష్‌లో గంజి లాంటిది చల్లి, చీరను లాగి పట్టి, వేడి రోలర్ల మీద చుడతారు. కొత్త పట్టు ఆ లాగుడు ఓర్చుకుంటుంది. దశాబ్దాలుగా ఒకే గీత మీద మడిచి ఉన్న పట్టుకు ఆ గీతలో పోగులు అప్పటికే నలిగి ఉంటాయి. జరీ అంచు సాగదు, పట్టు ఒళ్లు కొద్దిగా సాగుతుంది. రెండింటినీ కలిపి లాగితే తెగేది ఆ గీత దగ్గరే. పాలిష్‌కి ఇచ్చేముందు మడత గీతను వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే చాలు. సూదిబెజ్జాల్లా వెలుగు చుక్కలు వరసగా కనిపించాయంటే ఆ చీరకు రోలరూ వద్దు, హ్యాంగరూ వద్దు.

దుఃఖం విషయంలో మా హద్దు మాకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11 ప్రకారం ఆరు నెలలు, 2022లో వచ్చిన అమెరికా సైకియాట్రిస్టుల పుస్తకం డీఎస్‌ఎం-5-టీఆర్ ప్రకారం పెద్దవాళ్లకు పన్నెండు నెలలు దాటాక కూడా రోజువారీ బతుకు నడవనివ్వనంత దుఃఖం ఉంటే అది వైద్యులు చూడాల్సిన స్థితి. అది తేల్చడం మా పని కాదు. కానీ తిండి, నిద్ర, ఉద్యోగం సాగుతున్నాయా అని అడుగుతాం. సాగుతున్నాయంది, అప్పటికే కౌన్సెలర్ దగ్గరికి వెళ్తోంది కూడా. మా జాబ్ కార్డు వెనక ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ నంబరు 14416 అచ్చువేసి ఉంటుంది. అంతకు మించి మేము వెళ్లం.

మొదటి రోజు తప్పు

పాత బట్టలు వస్తే రకాలవారీగా విడదీయడం మా అలవాటు. పట్టు ఒక గుట్ట, నూలు ఒక గుట్ట, జాకెట్లు, దుపట్టాలు, నగలు. దానికి కారణం లేకపోలేదు. బూజు పట్టినవీ పురుగు పట్టినవీ వెంటనే వేరుచేయకపోతే మిగతావాటికి అంటుకుంటాయి. చెన్నై గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువ రోజులు బూజుకు అనుకూలంగానే ఉంటుంది. ఈ బీరువా అడుగు అర ఒక వానాకాలంలో తడిసింది కూడా. అందుకని గబగబా తీసేశాం.

ఐదో గుట్ట మొదలుపెట్టేసరికి ఆమె అంది, "ఆ చొక్కా ఆ చీర లోపలే ఉండాలి." అప్పటికే ముప్పావు బీరువా ఖాళీ అయిపోయింది.

అక్క వస్తువులను జతలుగా సర్దుకుంది. చీర మడతలో జాకెట్టు, జాకెట్టు లోపల గుడ్డసంచిలో చెవి కమ్మలు. ఏది దేనితో పెట్టాలో తేల్చడానికి అక్కకు పన్నెండేళ్లు పట్టింది. విడివిడిగా చూస్తే అందులో ఎవరి దగ్గరా లేని వస్తువు పెద్దగా ఏదీ లేదు. మంగళగిరి నూలు చీరలు, గద్వాలు రెండు, పెడన అచ్చు కలంకారీ దుపట్టాలు, పాండీ బజార్ జుంకాలు. ఆమెది అని చెప్పగలిగింది ఆ జతకూర్పు ఒక్కటే. మేము విడదీసింది సరిగ్గా దాన్నే.

జతలను మళ్లీ కనుక్కోవడం

అక్కచెల్లెళ్ల మెసేజీల్లో 340 ఫొటోలు దొరికాయి. అందులో పరుపు మీద జత పరిచినవి 96. పాత ఫొటోలు మసక, రాత్రి ట్యూబులైటు కింద తీసినవి, రంగు నమ్మలేం. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: ఒక జతను కార్డు మీద ఎక్కించాలంటే రెండు సాక్ష్యాలుండాలి. ఒకటి ఫొటో అయితే రెండోది గుడ్డ మీద దొరకాలి.

గుడ్డ మీద సాక్ష్యాలు మేమనుకున్నదానికన్నా ఎక్కువే ఉన్నాయి. చీర మడతలో ఎన్నాళ్లో ఉన్న జాకెట్టు కాలరు అచ్చు పట్టు మీద దిగుతుంది, పక్కనుంచి టార్చి వేస్తే కనపడుతుంది. తడిసిన అరలో ఒక ఎర్ర జాకెట్టు రంగు చీర లోపలి మడతలోకి దిగి ఉంది. నష్టమే గానీ అంతకన్నా గట్టి సాక్ష్యం ఇంకోటి లేదు. వెండి కమ్మలతో కలిసి ఉన్న గుడ్డసంచులకు నల్లటి గుండ్రటి మరకలు. చివరికి 29 జతలు రెండు సాక్ష్యాలతో తేలాయి. ఇంకో తొమ్మిదింటికి ఒకే సాక్ష్యం, వాటిని పెన్సిలుతో రాశాం. మిగతావి పోయినట్టే.

పిన్నీసు బెజ్జాలు అన్నిటికన్నా ఎక్కువ చెప్పాయి. భుజం దగ్గర పెట్టిన పిన్నీసు పట్టులో రెండు చిన్న బెజ్జాలు వదులుతుంది, నూలులో అయితే తుప్పు చుక్క. కొంగు చివర నుంచి ఆ బెజ్జం దాకా టేపు పెట్టి కొలిస్తే ఆ మనిషి పైట ఎంత పొడవు వదిలేదో వచ్చేస్తుంది. 23 చీరలకు బెజ్జాలు కనిపించాయి. పందొమ్మిదింట్లో కొలత 34 నుంచి 38 అంగుళాల మధ్య. చెల్లెలు వదిలేది 46. అంటే అక్కది మోకాలి వెనక ఆగిపోయే కురచ పైట. (తుప్పు చుక్కలను ఆక్సాలిక్ ఆమ్లంతో తీయొచ్చు, కానీ అది నూలును కూడా తింటుంది. వదిలేశాం.)

29 కార్డులూ బల్ల మీద పరిచాక అక్క పద్ధతి దానంతటదే బయటపడింది. జాకెట్టు రంగు చీర ఒంటి నుంచి గానీ అంచు ప్రధాన రంగు నుంచి గానీ ఎప్పుడూ తీసుకోలేదు. అంచులో సన్నగా, ఒకటి రెండు పోగుల వెడల్పున పారే గీత ఉంటుంది చూడండి, ఆ రంగు తీసుకునేది. ఒక జతలో ఒకే లోహం. గళ్ల గుడ్డ పక్కన బంగారు రంగు ఒక్కసారి కూడా లేదు. ప్రతి జతలో ఒక పనిదినం వస్తువు ఉండి తీరాలి, అంటే మగవాళ్ల వాచీ, తోలు బెల్టు, కొల్హాపురి చెప్పులు, మద్రాసు గళ్ల చొక్కా లాంటిదేదో. పట్టుచీర ఆడంబరాన్ని అది కొంచెం కిందికి దించుతుంది. ఈ పద్ధతి తెలిసి చేసిందా, కన్ను అలా పడిందా అన్నది చెల్లెలికీ తెలియదు.

వాసన సంగతి

రెండో వారంలోనే ఇది తేల్చాల్సి వచ్చింది. చాలా బట్టలు ఒకటి రెండుసార్లు కట్టి ఉతక్కుండా పెట్టినవి. ఆమెకు ఉతకడం ఇష్టం లేదు, కారణం చెప్పనవసరం లేదు. కానీ పట్టులో ఇంకిపోయిన చెమట పోగును ఏళ్ల తరబడి తింటూనే ఉంటుంది. జాకెట్టు చంకలు అట్టకట్టి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలేది అందుకే. నూలు అంతకన్నా బాగా ఓర్చుకుంటుంది. కాబట్టి వాసన కోసం ఒక నూలు దుపట్టా ఎంచుకుందాం, మిగతావన్నీ శుభ్రం చేద్దాం అన్నాం. మూడు రోజులు ఆలోచించి ఒప్పుకుంది.

దుపట్టాను ఏసీ గదిలో ఒక రోజు పరిచి తేమ పోగొట్టి, వాసనలేని కొత్త గాజు సీసాలో బిగించాం. ప్లాస్టిక్ వద్దు, అది వాసన తాగుతుంది, తన వాసన ఇస్తుంది. సీసా లోపల సిలికా జెల్ కూడా పెట్టలేదు. అది తేమతోపాటు వాసననూ లాగేసుకుంటుంది. వాసన శాశ్వతంగా ఉండదనీ, మూత తీసిన ప్రతిసారీ కొంత పోతుందనీ ముందే చెప్పాం.

పనికిరానివి

మొదట ఆమె అడిగింది బొంత. అక్క బట్టలన్నీ ముక్కలు కలిపి కుట్టమంది. వద్దని చెప్పడం కన్నా చూపించడం మేలని, మా దగ్గరున్న వేరే పాత గుడ్డలతో అడుగు చదరం నమూనా ఒకటి కుట్టి, ఉతికి చూపించాం. నూలు ముడుచుకుంది, పట్టు ముడుచుకోలేదు, కుట్టు దగ్గర పట్టు చిరిగింది. పైగా బొంతకు కత్తెర పడాలి, పడితే జతలు మళ్లీ పోతాయి. ఆ మాట అక్కడితో ముగిసింది.

రెండోది మా ఆలోచనే, అందుకని కాస్త వివరంగా చెప్పాలి. నాలుగో వారం నాటికి కార్డులు చేతిలో ఉన్నాయి, కొలతలు అచ్చంగా ఉన్నాయి. ఒక జతను ఉన్నదున్నట్టు కట్టించి చూద్దామనుకున్నాం. ఆర్భాటం లేని జత, మంగళగిరి నూలు చీర, గళ్ల జాకెట్టు, కురచ పైట. అమ్మ అభ్యంతరం ఇంకా తేలలేదు కాబట్టి లోపల నిండు చేతుల కొత్త బనియను వేయించాం. పిన్నీసు సరిగ్గా అక్క బెజ్జంలోనే పెట్టాం, 36 అంగుళాలకు.

అద్దంలో చూసుకుని ఆమె అన్నమాట: "అక్క లేదు. నేనూ లేను."

ఈ మాటలో దుఃఖం పాలు ఎంతో మేము చెప్పలేం. కొలతల పాలు చెప్పగలం. అక్క ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, చెల్లెలు 5 అడుగుల 2. అక్కకు మోకాలి వెనక ఆగే 36 అంగుళాల పైట చెల్లెలికి పిక్కల మీదికి దిగింది. అదే నిష్పత్తి రావాలంటే 36ను 67తో భాగించి 62తో గుణించాలి, 33 అంగుళాల చిల్లర వస్తుంది. అక్క తుంటి 41, చెల్లెలిది 36. చుట్టులో మిగిలిన గుడ్డ కుచ్చిళ్లలోకి వచ్చి ఒక కుచ్చు ఎక్కువైంది. ఎత్తు తగ్గినందుకు పైన దోపాల్సింది నాలుగు అంగుళాలు పెరిగి పొట్ట దగ్గర ఉబ్బెత్తు. జాకెట్టు భుజం అరచేయంత కిందికి. పెద్దవాళ్ల బట్టలు కట్టుకున్న చిన్నపిల్లలా ఉంది. ఇంచు పొల్లుపోకుండా నకలు తీస్తే అసలు పోలిక పోయింది. ఆ రోజు పని ఆపేశాం.

ఐదో వారం

మళ్లీ వచ్చినప్పుడు ఫోను తీసి ఒక ఫొటో చూపించింది. 96లో ఇది లేదు, మాకు ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుకుంది. అక్క ఆసుపత్రిలో చేరడానికి పదకొండు రోజుల ముందు, అప్పటి ఒక పెళ్లికని పంపిన జత. ఆ లక్కరంగు కంచిపట్టు, మద్రాసు గళ్ల కాలరు జాకెట్టు, వెండి జిమికీలు, తోలుపట్టీ వాచీ, కొల్హాపురి చెప్పులు. ఆ పెళ్లికి ఎవరూ వెళ్లలేదు. దీనికి తన మార్పు ఏమిటో చెల్లెలు జవాబివ్వలేదు.

"నా వంతు మిగిలిపోయింది మేడం."

ఇక్కడ నిర్ణయం మాది కాదు, ఆమెది. మా పని ఆ నియమానికి లోబడి ఏది సాధ్యమో చెప్పడం. కంచిపట్టు కట్టే స్థితిలో లేదు. ఏడు చీలికలున్న చీర నడుము దగ్గర దోపితే ఆ బరువుకే ఎనిమిదోది వస్తుంది. కాబట్టి ఆ ఒక్క మార్పూ చీరకే ఖర్చుపెట్టక తప్పదు. మిగతా నాలుగూ అక్క పెట్టినవే ఉండాలి.

చెప్పులు అక్కవి 8 సైజు, ఈమెవి 5. కొల్హాపురిని కుదించలేం. "సైజు మార్పు మార్పు కాదు, అదే రకం కొనుక్కుంటా" అంది. అలాగైతే జాకెట్టు కూడా అదే గుడ్డలో కొత్తది కుట్టొచ్చు కదా అన్నాం, మాకు అది సగం పని. ఒప్పుకోలేదు. ఆ గళ్లు మళ్లీ దొరకవు, అది మార్పే అవుతుంది అంది. చెన్నైలో గుడ్డలమ్మే గోడౌన్ వీధిలో దగ్గరి గళ్లు దొరుకుతాయేమో గానీ అవే దొరకవన్నది నిజమే. ఆట ఆమెది, తీర్పూ ఆమెదే.

జాకెట్టు

మామూలు జాకెట్టు అయితే ఒప్పుకునేవాళ్లం కాదు. టక్కులున్న జాకెట్టును చుట్టుకొలతలో రెండు అంగుళాలకు మించి తగ్గిస్తే టక్కు మొనలు పక్కకు జరుగుతాయి, వెనక మెడ తెరుచుకుంటుంది, భుజం జారుతుంది. ఇది చొక్కా కోత కావడం కలిసొచ్చింది. టక్కులు లేవు, చేతిని ముందే అతికి, చేతి అంచు నుంచి నడుము దాకా ఒకే కుట్టుగా పక్కలు మూసిన పద్ధతి. తయారైన చుట్టుకొలత 40. చెల్లెలి ఛాతీ 34, వదులు కలిపి 36 కావాలి. నాలుగు అంగుళాలు తగ్గించాలి. ముందు రెండు పక్కలా, వెనక రెండు పక్కలా ఒక్కో అంగుళం.

అదృష్టవశాత్తు గడి కూడా అంగుళమే. ఒక్కో పక్క సరిగ్గా ఒక గడి లోపలికి పోతే ముందు గీత, వెనక గీత మళ్లీ కలుస్తాయి. ముప్పావు అంగుళం తీసుకుంటే పక్కన మెట్లు మెట్లుగా కనిపించేది. ముందు కచ్చా కుట్టు వేసి, ప్రతి రెండు గళ్లకు ఒక పిన్ను పెట్టి, ఆ తర్వాతే మిషను కింద పెట్టాం. చేతి చుట్టు 14 నుంచి 12కు దానంతటదే దిగింది. భుజం ఒక్కో పక్క అర అంగుళం జారింది. చొక్కా కోతలో అది కావాలని చేసినట్టే ఉంటుంది, వదిలేశాం.

చిక్కు చంక దగ్గర వచ్చింది. లోపల అంగుళంన్నర గుడ్డ మిగిలింది, కొయ్యొద్దని ఆమె షరతు. పక్కన మడిచి చేతికుట్టుతో పట్టించొచ్చు. కానీ చంక మలుపులో కొయ్యకపోతే చెయ్యి ఎత్తినప్పుడు పట్టేస్తుంది. ఒక్కో వైపు అర అంగుళం గాటు తప్పదని చెప్పాం. "నేను లేనప్పుడు చెయ్యండి" అంది. గాటు చివర దారంతో కాజా కుట్టులా బంధించాం, లేకపోతే అక్కడి నుంచి చిరుగుతుంది.

కుట్టే ముందే ఉతికాం. మద్రాసు గళ్లు ఒకప్పుడు రంగు దిగడానికే పేరుపడ్డవి. తడి తెల్ల నూలుగుడ్డను ప్రతి రంగు మీద లోపలివైపు ఐదు నిమిషాలు అదిమి చూశాం. నీలం, పచ్చ నిలిచాయి, ఎరుపు లేత గులాబీగా దిగింది. ఉప్పు, వెనిగరు వేస్తే రంగు నిలుస్తుందంటారు, ఈ రంగులను అవి నిలపవు. రంగు దిగే గుడ్డకు సమయమే శత్రువు. చన్నీళ్లు, అదీ ఆర్వో నీళ్లు, ఎందుకంటే బోరు నీళ్ల ఉప్పదనానికి సబ్బు విరుగుతుంది. లీటరుకు 5 మిల్లీలీటర్ల ఘాటులేని ద్రవ సబ్బు. నానబెట్టకుండా మొత్తం ఎనిమిది నిమిషాల్లో జాడించి, తువ్వాల్లో చుట్టి నీరు తీసి, నీడలో పరిచి ఆరబెట్టాం. తాడు మీద వేస్తే కిందికి దిగే నీళ్లతో ఎరుపు తెలుపులోకి పాకేది.

అమ్మ అభ్యంతరానికి దారి లైనింగులో దొరికింది. కొత్త మల్‌మల్ మీటరు తీసుకుని, రెండు గంటలు నానబెట్టి ఆరేసి, అప్పుడు కోసి నిండుగా లోపల వేశాం. ముందే నానబెట్టకపోతే మొదటి ఉతుకులో లైనింగు కుంచించుకుపోయి పై గుడ్డ ముడతలు పడుతుంది. ఒంటికి తగిలేదంతా కొత్త గుడ్డేనని ఆవిడకు తిప్పి చూపించాం. చాలాసేపు పట్టుకుని చూసి, "కొత్త గుడ్డయితే పసుపు పెట్టాలి కదా" అన్నారు. పసుపు మరక మామూలుగా పోదు, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది కూడా. అందుకని గళ్ల గుడ్డకు దూరంగా, లైనింగు కింది మడతలో చోటు చూపించాం. ఆవిడే పెట్టారు.

చీర ఆమె సొంత అరలో నుంచే వచ్చింది. బూడిదరంగు నూలు ఒళ్లు, సీసాపచ్చ పట్టు అంచు ఉన్న గద్వాలు. అంచులో రెండు పోగుల ఎర్ర గీత. జాకెట్టు గళ్లలో ఉన్న ఎరుపు అదే. మేము ఎంపికలో నోరు మెదపలేదు, కార్డులు కూడా ముందు పెట్టలేదు. గద్వాలులో నూలుకూ పట్టుకూ ఇస్త్రీ వేడి వేరు. ఒంటికి తడిచల్లి మధ్యస్థపు వేడి, అంచుకు వెనకవైపు నుంచి గుడ్డ అడ్డం పెట్టి తక్కువ వేడి. ఒకే వేడితో లాగేస్తే అంచు కలిసిన చోట అలలు లేస్తాయి. పైట 33 అంగుళాలకు పిన్ను.

పెళ్లికి మేము వెళ్లలేదు. తర్వాత ఆమె చెప్పింది ఇంతే: పెద్దత్త ఒకావిడ జాకెట్టు గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నారట, చీర గురించి మాత్రం ఎందుకీ బూడిదరంగు అని గొణిగారట. అక్క మార్పులకు కూడా ఆవిడ అలాగే గొణిగేవారట.

కంచిపట్టు

దాన్ని కట్టడానికి సిద్ధం చేయలేదు, నిలపడానికి మాత్రమే పనిచేశాం. ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అంటుకునే జిగురు గుడ్డ) అతికిస్తే చవకగా అయిపోతుంది, కానీ జిగురు బిరుసెక్కి, అతికిన ముక్క అంచు దగ్గర కొత్త చీలిక వస్తుంది. ప్రతి చీలిక కింద అదే రంగు వేయించిన పలచటి పట్టు ముక్క, నాలుగు పక్కలా రెండేసి అంగుళాలు ఎక్కువగా. పట్టు దారం పురి విప్పి ఒక్క పోగు తీసి, 12వ నంబరు సూదితో, తెగిన పోగుల మీదుగా పడుకోబెట్టిన కుట్లు. ఏడింటికి పదకొండు రోజులు పట్టింది. నల్లబడ్డ జరీని ముట్టుకోలేదు. చింతపండు, టూత్‌పేస్టు చిట్కాలు జరీని పాడుచేస్తాయి. నాలుగంగుళాల అట్టగొట్టానికి అల్యూమినియం రేకు చుట్టి, దాని మీద గంజిలేని ఉతికిన ముడిగుడ్డ చుట్టి, జరీ ముఖం బయటికి ఉండేలా చీర చుట్టాం. రేకు లేకపోతే అట్టలోని ఆమ్లం పట్టులోకి దిగుతుంది. రబ్బరు బ్యాండు వేయకూడదు, అందులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. గుడ్డ నాడా కట్టాం.

మా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఇలాంటి పనిలో మొదటి సందర్శనలో ఏదీ ముట్టుకోం. అరలను ఉన్నవున్నట్టు ఫొటో తీస్తాం, ఒక్కో మడతను విప్పుతూ లోపల ఏముందో వరస నంబరు వేస్తాం. బూజు పట్టింది కనిపిస్తే ఆ జత మొత్తాన్ని కలిపే వేరుచేస్తాం, ముక్కను కాదు. జేబులు, హుక్కులకు వేలాడే దారాలు, పిన్నులు తీయం. ఉతకడం ఎప్పుడూ ఈ నమోదంతా అయ్యాకే. అక్కచెల్లెళ్లు గానీ తల్లీకూతుళ్లు గానీ బట్టల విషయంలో ఏదైనా ఆట లాంటిది ఆడేవాళ్లా అని కస్టమర్ రాగానే నింపే ఇంటేక్ కాగితంలో ఒక ప్రశ్న చేర్చాం. నకలు కట్టించి చూడటం మానేశాం. కట్టించాల్సి వస్తే కొలతను కాకుండా నిష్పత్తిని తీసుకుంటాం.

ఆరు నెలల తర్వాత

ఈశాన్య రుతుపవనం దాటాక గొట్టం విప్పి చూశాం. ఏడు కుట్లూ నిలిచాయి. కొంగు దగ్గర కొత్తగా ఒక చిన్న చీలిక, మూడు సెంటీమీటర్లు. మేము ముందు చూడని మడత గీత మీద. దానికీ ముక్క వేశాం. మూడు నెలలకోసారి విప్పి చుట్టమన్నాం.

38 కార్డులు ఆమె దగ్గర ఉన్నాయి. పెన్సిలు తొమ్మిదిలో రెండింటికి అమ్మ జ్ఞాపకం రెండో సాక్ష్యమైంది, సిరా పడింది.

సీసా నాలుగోసారి తెరిచినప్పుడు గాజు వాసనే వచ్చిందట. దుపట్టా మా దగ్గరికి తెచ్చింది, ఉతికివ్వమని. తడి గుడ్డతో ఐదు నిమిషాలు అదిమి చూశాం, రంగు దిగలేదు.